పదికి మూడు

నా పని నేలమాళిగల్లో.
మిల్వాకీ చుట్టూ నలభై నాలుగు హైస్కూళ్ళు,
వాటి కింద నలభై నాలుగు బాయిలర్లు.
టార్చి, చిన్న సుత్తి, కడ్డీకి కట్టిన అద్దం ముక్క పట్టుకుని
ఏడాదికోసారి ఒక్కోదాని పక్కన మోకాళ్ళూనుతాను.
పిల్లల్ని దాదాపు చూడను.
వాళ్ళ అడుగుల చప్పుడు మాత్రం
గొట్టాల్లోంచి దిగి వస్తుంది.

ఈ ఫిబ్రవరిలో మా వంటింటి బల్ల మీద
అవే బళ్ళు అంకెలై వచ్చి కూర్చున్నాయి.
ఎర్నెస్టీన్ పెద్ద కాగితం పరిచింది.
తొమ్మిది వచ్చినవి ఆకుపచ్చ,
ఐదు, ఆరు పసుపు,
మూడూ రెండూ
గోకిన పుండు రంగు.

ఆమె వేలు సరస్సు ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి పాకింది.
వేలు వెళ్ళిన దారినే అద్దెలూ ఎక్కాయి.
మా వీధిలో అటు వరస ఇళ్ళు తొమ్మిది,
ఇటు వరస ఇళ్ళు మూడు.
మంచు తోసే బండికి ఆ సంగతి తెలీదు,
రెండు గుమ్మాల ముందూ ఒకే ఎత్తున పోసి పోతుంది.

తొమ్మిది వచ్చిన విట్‌కోంబ్ బడి నాకు తెలుసు.
బాయిలర్ గది ఆస్పత్రంత తెల్లన,
దాన్ని కాసేది ఎక్కడో వేరే ఊళ్ళోని కంప్యూటరు.
తలుపు దగ్గర ఆపి ఎవరు కావాలని మర్యాదగా అడుగుతారు,
పదకొండేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు.
అయినా అబద్ధమెందుకు?
జనవరిలో ఆ ఈతకొలను మీద ఆవిరి లేస్తుంది.
కెమిస్ట్రీకి మూడు గదులు,
మూడు గదుల్లోనూ మాష్టార్లున్నారు.

మూడు వచ్చిన హాల్‌స్టెడ్‌లో
బాయిలర్ మా తాత వయసుది.
సైలస్ ట్రూప్ దానికి తన అత్తగారి పేరు పెట్టాడు:
రోజంతా కసురుతుంది, ఎవర్నీ చలికి వదలదు.
ఆరున్నరకే పక్క తలుపు తీసి ఉంచుతాడు.
మొదటి బస్సు పిల్లలు ఆ వేడి గోడకి వీపులానించి
తడి గ్లవ్స్ గొట్టాల మీద ఆరేస్తారు.
ఒక కుర్రాడు నిన్న తప్పిన స్వరాన్నే
ట్రాంబోన్‌లో మళ్ళీ మళ్ళీ వెతుకుతాడు.
ఇది మార్కుల్లో కలవదు.
సంతకం కోసం పైకెళ్ళినప్పుడు
ఫిజిక్స్ గది తలుపుకి అక్టోబరు నుంచీ అదే చీటీ:
మాష్టారు లేరు, లైబ్రరీలో కూర్చోండి.
ఇదీ మార్కుల్లో కలవదు.

ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు.
నిజమే, ఉడికిందో లేదో మెతుకు చెబుతుంది.
ఎసట్లో నీళ్ళెవరు తగ్గించారో,
పొయ్యి కింద కట్టె ఎవరు లాగేశారో
మెతుకు నడిగితే ఏం చెబుతుంది?

"ఈ మూడులో నేనూ ఉన్నాను,"
హాల్‌స్టెడ్ మీద పెన్సిల్ ఆనించి ఎర్నెస్టీన్ అంది.
ఇరవై రెండేళ్ళ కిందట ఆ గోడకే గ్లవ్స్ ఆరబెట్టుకుంది.
ఇప్పుడు రక్తపరీక్షల లాబ్‌లో రాత్రి డ్యూటీ,
ఒక్క చుక్కని బట్టి మొత్తం మనిషి సంగతి రాసే పని.
పెన్సిల్ తీయలేదు.
దిద్దనూ లేదు.

కొరీన్ నన్నడిగింది, నువ్వైతే ఎంతిస్తావని.
నా దగ్గర రెండే మార్కులమ్మా,
నడుస్తుంది, నడవదు.
నా సంతకం చెల్లేది కూడా ఏడాదికే.
"మరి నాకు నాలుగేళ్ళు కావాలిగా," అంది.

మార్చిలో వీధి దాటాం.
నెలకి నాలుగు వందల డాలర్లు ఎక్కువ, ఒక కిటికీ తక్కువ.
లారీ అక్కర్లేకపోయింది.
మంచానికి ఒక కొస నేను, ఒక కొస సైలస్.
ఎక్కడికి మారుతున్నారని అతను అడగలేదు,
ఎందుకని అసలే అడగలేదు.
నడివీధిలో చెయ్యి నొప్పెట్టి దించాడు,
పసుపు గీతకి అడ్డంగా.
అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఇక్కడెంత?"

"ఆరు," అన్నాను.

అతను నవ్వితే నోట్లోంచి ఆవిరి వచ్చింది.
మళ్ళీ ఎత్తాం.